హనీమూన్‌కి మాల్దీవ్స్: ఫోన్ స్పెక్స్ చూసినట్టు చూశాను, అసలు ప్రశ్న మర్చిపోయాను

మా షాపుకి ఫోన్ కొందామని ఎవరొచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "దేనికి వాడతావన్నా?" గేమింగ్‌కా, ఫోటోలకా, ఇంట్లో పెద్దాయనకి వాట్సాప్ కాల్స్‌కా అన్నది తెలియకుండా ఏ ఫోన్ చూపించినా వేస్టే. పత్తికొండ బస్టాండు దగ్గర ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నా. ఈ సైట్‌కి రివ్యూలు రాసేటప్పుడు కూడా నేను పాటించే రూల్ ఇదే.

అలాంటి నేను నా సొంత హనీమూన్ ప్లానింగ్‌లో ఆ ఒక్క ప్రశ్నే అడగలేదు. అడక్కుండానే మూడున్నర లక్షల బిల్లు దగ్గరికి పోయాను. మధ్యలో ఒక ఫేక్ ఆఫర్‌కి 20 వేలు పంపబోయి ఆగాను. ఇప్పుడు టికెట్లు బుక్ అయ్యాయి, జనవరిలో ప్రయాణం. కాబట్టి ఇది ట్రావెల్ రివ్యూ కాదు, కొనే ముందు చదవాల్సిన బయింగ్ గైడ్ అనుకోండి. మీలో పెళ్లి కుదిరిన వాళ్లు, కుదరబోయే వాళ్లు సేవ్ చేసి పెట్టుకోండి.

ఎలా మొదలైంది?

శ్రావణంలో మా పెళ్లయింది. మా ఆవిడ మా మామ కూతురే, చిన్నప్పటి నుంచీ నన్ను 'బావా' అనే పిలుస్తుంది. తను ఇప్పటిదాకా సముద్రం చూడలేదు. "యాడికన్నా పోదాము బావా, నీళ్లుండే తావుకి" అంది. అంతే, నేను ఫోన్ పట్టుకున్నా.

తొలకరి వాన పడితే మా పక్క జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వజ్రాల కోసం తల వంచుకుని తిరుగుతారు. నెల రోజులు నేను కూడా అట్లే తల వంచుకుని డీల్స్ కోసం స్క్రోల్ చేశాను. గూగుల్ షీట్‌లో పదకొండు రిసార్ట్‌లు, పద్దెనిమిది కాలమ్‌లు. నీళ్ల మీద విల్లా ఉందా, ప్రైవేట్ పూల్ ఉందా, గది ఎన్ని చదరపు మీటర్లు, వైఫై స్పీడ్ ఎంత. రెండు ఫ్లాగ్‌షిప్ ఫోన్లను పోల్చినట్టే పోల్చాను. బడ్జెట్ రెండున్నర లక్షలు. అందులో రెండు లక్షలు నా సేవింగ్స్, పెళ్లి చదివింపులు. మిగతా యాభై వేలు టమోటా పంట అమ్మినాక మా నాయన ఇస్తానన్నాడు.

ముందు బేసిక్ స్పెక్స్

మాల్దీవ్స్‌లో దాదాపు 1,200 పగడపు దీవులున్నాయి. టూరిజం 1972లో కురుంబా అనే రిసార్ట్‌తో మొదలైంది. అక్కడి పద్ధతి ఒక దీవికి ఒక రిసార్ట్. దీవి మొత్తం ఆ హోటల్‌దే కాబట్టి బయటికెళ్లి టిఫిన్ చేద్దామంటే కుదరదు, రిసార్ట్ ఏ రేటు చెబితే ఆ రేటే. సుమారు 2010 నుంచి మామూలు జనం ఉండే దీవుల్లో కూడా గెస్ట్ హౌస్‌లు వచ్చాయి. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే టూరిస్ట్ వీసా అక్కడ దిగినాక ఫ్రీగా ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు 'ఇముగా' అనే వెబ్‌సైట్‌లో ట్రావెలర్ డిక్లరేషన్ నింపాలి. దానికి డబ్బులు కట్టక్కర్లేదు. ఫీజు అడిగే సైట్ కనిపిస్తే అది అసలుది కాదని అర్థం.

పత్తికొండ నుంచి హైదరాబాద్, బెంగుళూరు దాదాపు సమాన దూరమే. మేం బెంగుళూరు తీసుకున్నాం. ఎయిర్‌పోర్ట్ మన వైపే హైవే మీద ఉంటుంది, సిటీ ట్రాఫిక్ దాటే పని లేదు. అక్కడి నుంచి మాలేకి డైరెక్ట్ ఫ్లైట్‌లో సుమారు రెండు గంటలు.

సీజన్ సంగతి. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, రేటు ఎక్కువ. మే నుంచి అక్టోబర్ దాకా వానలు, రేటు తక్కువ. క్రిస్మస్, న్యూ ఇయర్ వారాల్లో రేట్లు చుక్కల్లో ఉంటాయి. అందుకే శ్రావణంలో పెళ్లయినా జనవరి దాకా ఆగాం.

'ప్లస్ ప్లస్' అనే ట్రాప్

ఫోన్ యాడ్‌లో ధర పక్కన చిన్న స్టార్ గుర్తు ఉంటుంది కదా, దానికి అన్నలాంటిది ఇది. రిసార్ట్ కోట్‌లో 450 డాలర్లు అని రాసి పక్కన రెండు ప్లస్ గుర్తులు పెడతారు. నేను చాలా రోజులు పట్టించుకోలేదు. ఒక ప్లస్ అంటే 10 శాతం సర్వీస్ చార్జ్. రెండో ప్లస్ అంటే టూరిజం జీఎస్టీ, 2025 జూలై నుంచి అది 17 శాతం. ఈ జీఎస్టీని సర్వీస్ చార్జ్ కలిపిన మొత్తం మీద వేస్తారు.

నాకు వచ్చిన కోట్‌తోనే లెక్క వేస్తా. డాలర్‌ని 90 రూపాయలుగా అనుకోండి.

రాత్రికి 450 చొప్పున నాలుగు రాత్రులకి 1,800 డాలర్లు. సర్వీస్ చార్జ్ కలిపితే 1,980. దాని మీద 17 శాతం వేస్తే సుమారు 2,317. ఆ పైన గ్రీన్ టాక్స్, 2025 జనవరి నుంచి రిసార్ట్‌లలో మనిషికి రాత్రికి 12 డాలర్లు. ఇద్దరికీ నాలుగు రాత్రులకి 96. ఇంకా అయిపోలేదు. ఆ దీవి దూరం, సీప్లేన్‌లో పోవాలి. మనిషికి రానుపోను 500 చొప్పున వెయ్యి డాలర్లు. మొత్తం 3,413.

అంటే 1,62,000 రూపాయలు అని నేను మురిసిపోయిన విల్లా అసలు ధర 3,07,000. బెంగుళూరు నుంచి ఇద్దరి ఫ్లైట్ టికెట్లు 44 వేలు కలిపితే మూడున్నర లక్షలు. ఇందులో భోజనం బ్రేక్‌ఫాస్ట్ మాత్రమే.

సీప్లేన్‌కి ఇంకో మెలిక ఉంది. అది పగటి వెలుతురులోనే ఎగురుతుంది. మీ ఫ్లైట్ సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలే పరిసరాల్లోనే గది తీసుకోవాలి. లగేజీ కూడా మామూలుగా మనిషికి 20 కిలోలు, చేతి బ్యాగు 5 కిలోలు. కాబట్టి రిసార్ట్ ఎంచుకునే ముందు 'ట్రాన్స్‌ఫర్ ఎలా' అని చూడండి. మాలేకి దగ్గరగా ఉండి స్పీడ్ బోట్‌లో చేరే రిసార్ట్ అయితే సగం తలనొప్పి తగ్గుతుంది.

59,999 ఆఫర్

బిల్లు చూసి నీరసంగా ఉన్న రోజుల్లోనే ఇన్‌స్టాలో ఒక యాడ్ వచ్చింది. నాలుగు రాత్రులు వాటర్ విల్లా, ఇద్దరికీ కలిపి 59,999, ఫ్లైట్‌తో సహా. "రేపటి దాకే సార్" అన్నాడు ఫోన్‌లో. అడ్వాన్స్ 20 వేలు. షాపులో జనం ఉన్నారు, ఒక చేత్తో టెంపర్డ్ గ్లాస్ వేస్తూ ఇంకో చేత్తో క్యూఆర్ స్కాన్ చేశాను. పిన్ కొట్టడమే తక్కువ.

క్యారియర్ తెచ్చిన మా ఆవిడ భుజం మీదుగా స్క్రీన్ చూసింది.

"కంపెనీ అంటివి కదా బావా, ఈడ యారో మనిషి పేరు వస్తాంది ఏంది?"

నిజమే. యూపీఐలో వచ్చింది కంపెనీ పేరు కాదు, ఎవరో వ్యక్తి పేరు. రోజుకి యాభై మందికి యూపీఐ సెట్ చేసిచ్చే నేను చూడలేదు, తను చూసింది.

ఆ రాత్రి నేను చేసిన చెకింగ్, మీరు అడ్వాన్స్ పంపే ముందే చేయాల్సింది ఇదే. వాళ్లు పంపిన విల్లా ఫోటోలను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెట్టాను. అదే ఫోటో మూడు వేర్వేరు రిసార్ట్‌ల పేర్లతో కనిపించింది. జీఎస్టీ నంబర్ అడిగితే రిప్లై లేదు. నంబర్ ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి పేరు, అడ్రస్ సరిపోయాయో చూడొచ్చు. చివరిగా రిసార్ట్ అసలు వెబ్‌సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కి రాసి, ఈ ఏజెంట్ మీవాళ్లేనా అని అడిగాను. తమకు సంబంధం లేదని మర్నాడు జవాబొచ్చింది.

పొరపాటున ఎవరైనా డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోవద్దు. వెంటనే 1930కి కాల్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లయింట్ ఇవ్వండి. గంటలు గడిచే కొద్దీ డబ్బు ఫ్రీజ్ చేయించే అవకాశం తగ్గిపోతుంది.

టమోటా, ఈఎంఐ, అసలు ప్రశ్న

ఇంత జరిగాక కూడా నాకు విల్లా మీద ఆశ పోలేదు. తక్కువపడిన లక్షకి 'ఇప్పుడు తిరుగు, తర్వాత కట్టు' ఈఎంఐ ఉంది కదా అనుకున్నా. ఫోన్లకి రోజూ ఇప్పించేదే కదా.

ఆ వారంలోనే టమోటా పడిపోయింది. మా నాయన సరుకు యార్డుకి తోలితే కిలోకి రెండు రూపాయలు కూడా పలకలేదు. కోత కూలీ, ఆటో బాడుగ పోను చేతికి ఏమీ మిగల్లేదు. పత్తికొండ వాళ్లకి ఇది కొత్త కాదు, కానీ మన ఇంట్లో జరిగినప్పుడు ప్రతిసారీ కొత్తగానే ఉంటుంది. ఆ సాయంత్రం ఆయన నా దగ్గరికొచ్చి, "ఆ యాభై వేలు వేరే తావ చూస్తాలే నాయనా, మీరు పోయిరండి" అన్నాడు. వేరే తావ అంటే వడ్డీకి అని నాకు తెలుసు.

రాత్రి షీట్ తెరిచి మా ఆవిడకి చూపించాను. ఈఎంఐ నెలకి ఇంత, పన్నెండు నెలలు, ఫర్వాలేదు అని. తను కాలమ్‌లన్నీ ఓపిగ్గా చూసింది.

"ఇన్ని రాస్తివి. నాకేం కావాల్నో యాడ రాస్తివి బావా?"

ఏం చెప్పాలో తెలియలేదు. అప్పుడు అడిగాను, నెల రోజుల తర్వాత.

తనకి ఈత రాదు. నీళ్ల మీద ఇల్లంటే ఒక రాత్రి సరదా, నాలుగు రాత్రులంటే భయం. ప్రైవేట్ పూల్ అక్కర్లేదు. విమానంలో కిటికీ సీటు కావాలి. సముద్రం ఒడ్డున ఎవరూ తొందర పెట్టకుండా నడవాలి. నీళ్లలో రంగు చేపలు చూడాలి, లైఫ్ జాకెట్ ఉంటే దిగుతుంది. ఇంకో మాట కూడా అంది. "అప్పు చేసి పోయొస్తే, వచ్చినాక సంవత్సరం పొడుగునా ఆ అప్పు గురించే మాట్లాడుకుంటాము. సముద్రం గురించి మాట్లాడుకోము."

షీట్‌లోంచి పద్నాలుగు కాలమ్‌లు డిలీట్ చేశాను. మా నాయనకి ఆ డబ్బు వద్దని చెప్పాను. బడ్జెట్ రెండు లక్షలు, ఈఎంఐ లేదు.

మా ఫైనల్ ప్లాన్

ఇందాక గుర్తు పెట్టుకోమన్న పాయింట్ ఇక్కడ పనికొచ్చింది. మూడు రాత్రులు మాఫుషి అనే దీవిలో గెస్ట్ హౌస్, చివరి రాత్రి ఒక్కటి నీళ్ల మీద విల్లా. దీన్నే 'స్ప్లిట్ స్టే' అంటారు.

మాఫుషి జనం ఉండే దీవి. మాలే నుంచి స్పీడ్ బోట్‌లో చేరొచ్చు. హోటళ్లు, కిరాణా అంగళ్లు ఉన్నాయి, చేపలు చూపించే స్నార్కెలింగ్ ట్రిప్‌లు దొరుకుతాయి. ముస్లిం దేశం కాబట్టి ఊళ్లో పద్ధతైన బట్టలు వేసుకోవాలి, స్విమ్ సూట్‌లు టూరిస్టుల బీచ్‌లోనే. మద్యం దొరకదు.

గెస్ట్ హౌస్ మూడు రాత్రులకి టాక్స్‌లతో 210 డాలర్లు. చిన్న గెస్ట్ హౌస్‌లలో గ్రీన్ టాక్స్ మనిషికి 6 డాలర్లే, కాబట్టి 36. విల్లా ఒక్క రాత్రికి 400 ప్లస్ ప్లస్, అన్నీ కలిపితే 539. బోట్లన్నిటికీ 400. మొత్తం 1,185 డాలర్లు, అంటే సుమారు 1,06,650 రూపాయలు. ఫ్లైట్లు 44 వేలు. తిండి, ట్రిప్‌లు, బెంగుళూరు రానుపోను కలిపి 40 వేలు పక్కన పెట్టాం. టోటల్ 1,90,650.

ఒక టిప్. చాలా రిసార్ట్‌లు కొత్త జంటలకి కేక్, డిన్నర్ లాంటివి ఫ్రీగా ఇస్తాయి, కానీ మ్యారేజ్ సర్టిఫికెట్ అడుగుతాయి. పెళ్లయిన వెంటనే రిజిస్టర్ చేయించి ఒక స్కాన్ కాపీ ఫోన్‌లో పెట్టుకోండి.

గాడ్జెట్ లిస్ట్: కొత్తగా కొన్నవి మూడే

వాటర్‌ప్రూఫ్ పౌచ్. "నా ఫోన్ ఐపీ68 కదా అన్నా" అనకండి. ఆ టెస్ట్ మంచినీళ్లలో చేస్తారు, ఉప్పునీళ్లలో కాదు. గోవా నుంచి వచ్చిన ఒక కుర్రాడి ఫోన్ మా టేబుల్ మీద విప్పితే చార్జింగ్ పోర్ట్ పచ్చగా తుప్పు పట్టి ఉంది. నీళ్ల వల్ల పాడైతే మామూలు వారంటీ కూడా రాదు. పౌచ్ కొన్నాక ఫోన్ పెట్టే ముందు లోపల టిష్యూ పేపర్ పెట్టి బిందెలో అరగంట ముంచండి. టిష్యూ తడిస్తే పౌచ్ వాపస్ పంపండి. నీళ్లలో టచ్ సరిగ్గా పనిచేయదు, వాల్యూమ్ బటన్‌తో ఫోటో తీసేలా ముందే సెట్ చేసుకోండి. ఫోన్ మీద ఉప్పునీళ్లు పడితే మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టొద్దు.

యూనివర్సల్ అడాప్టర్. అక్కడ ఎక్కువగా బ్రిటిష్ టైప్ మూడు పలక పిన్నుల సాకెట్లు ఉంటాయి. ఒక అడాప్టర్, రెండు మూడు పోర్ట్‌లున్న గ్యాన్ చార్జర్ ఉంటే ఇద్దరి ఫోన్లకీ చాలు.

ఓటీజీ పెన్‌డ్రైవ్. రిసార్ట్ వైఫై మీద వేల ఫోటోలు క్లౌడ్‌కి ఎక్కుతాయని నమ్మకండి. రోజూ రాత్రి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

పవర్ బ్యాంక్ నా దగ్గర ముందే ఉంది. అది చెక్ ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. 100 వాట్ అవర్ దాకా పర్మిషన్ అక్కర్లేదు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్, సేఫ్. 30,000 అంటే 111, ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేస్తున్నా. అక్కడ అనుమతి లేకుండా ఎగరేయకూడదు, నాలుగు రోజులకి ఆ కాగితాల పని దండగ.

సిమ్ విషయం. అక్కడ ధిరాగు, ఊరిడూ అని రెండు నెట్‌వర్క్‌లు. మీ ఫోన్‌లో ఈసిమ్ ఉంటే డేటాకి అది వాడి, మన సిమ్‌లో డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. కానీ సిమ్‌ని పూర్తిగా ఆఫ్ చేస్తే బ్యాంక్ ఓటీపీలు రావు. కాబట్టి మీ నెట్‌వర్క్‌లో రోమింగ్ యాక్టివేట్ అయిందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి. కార్డుకి బ్యాంక్ యాప్‌లో 'ఇంటర్నేషనల్' ఆన్ చేయాలి, డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఫారిన్ కరెన్సీ చార్జ్ చాలా కార్డులకి 3.5 శాతం దాకా ఉంటుంది, తక్కువ ఉన్న కార్డు చూసుకోండి. యూపీఐ మీద ఆధారపడి వెళ్లొద్దు.

ఇంకొకటి. మద్యం, పూజ చేసే విగ్రహాలు అక్కడి కస్టమ్స్ నిషేధిత లిస్ట్‌లో ఉన్నాయి. బ్యాగులో పెట్టమని మా అమ్మ ఇచ్చిన చిన్న ఇత్తడి వెంకన్న స్వామి ఇంట్లోనే ఉంటాడు.

అండమాన్, లక్షద్వీప్ సంగతేంటి?

పాస్‌పోర్ట్ లేకపోతే అండమాన్ బెస్ట్ ఆప్షన్. రూపాయల్లోనే ఖర్చు, ఓటీపీ తలనొప్పి లేదు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది, హేవ్‌లాక్ 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. టికెట్ బుకింగ్‌లో రెండు పేర్లూ వెతకండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక ఇంటర్నెట్ పాత రోజుల్లా లేదు.

లక్షద్వీప్‌కి మనవాళ్లకి కూడా ఎంట్రీ పర్మిట్ కావాలి. 36 దీవుల్లో జనం ఉండేది పదింటిలోనే, గదులు తక్కువ, కొచ్చి నుంచి అగట్టికి ఫ్లైట్. చాలా ముందుగా ప్లాన్ చేసే వాళ్లకే ఇది కుదురుతుంది.

ఫైనల్ వర్డిక్ట్

డబ్బు చేతిలో ఉంటే నాలుగు రాత్రులూ విల్లాలో ఉండండి, అందులో తప్పు లేదు. కానీ ప్లస్ ప్లస్, గ్రీన్ టాక్స్, ట్రాన్స్‌ఫర్ మూడూ కలిపిన మొత్తం చూశాకే ఆ డబ్బు సరిపోతుందో లేదో తేల్చుకోండి. ఈఎంఐ మీద ఫోన్ కొంటే కనీసం ఫోన్ చేతిలో ఉంటుంది. ఈఎంఐ మీద హనీమూన్‌కి పోతే వచ్చినాక చేతిలో ఉండేది ఈఎంఐ ఒక్కటే.

షీట్ తెరిచే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. నేను నెల రోజులు లేటుగా అడిగాను. మా షీట్‌లో ఇప్పుడు నాలుగు కాలమ్‌లే ఉన్నాయి. మొదటి దాంట్లో 'కిటికీ సీటు' అని రాసి ఉంది, దాని పక్కన టిక్ కూడా పడింది. మిగతా మూడింటి రివ్యూ ఫిబ్రవరిలో, పౌచ్ లీక్ అయ్యిందా లేదా అన్న దానితో సహా.